కోట ముట్టడి రోజు పెళ్ళి

ఫిబ్రవరి 3

మిరపగింజకి మీ వదిన ఆశీస్సులు. నీకు అక్కర్లేకపోయినా సరే, పెద్దదాన్ని కాబట్టి ఇస్తున్నాను.

మీ అమ్మాయి పెళ్ళి శుభలేఖ అందింది. అందడమేంటి, ఉదయం షిఫ్టులో గళ్ళ అర ముందు నిలబడి కవర్లు వేరు చేస్తుంటే నా చేతికే తగిలింది. నీ కోడిగీతలు ఎక్కడున్నా గుర్తుపడతాను. కవరు మీద నా పేరొక్కటే రాశావు. అదీ, మీ ఇంటిపేరు రాస్తే అందులో మీ అన్నయ్య కూడా దూరతాడని కాబోలు, నా పుట్టింటి ఇంటిపేరు రాశావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇన్నేళ్ళుగా తపాలా సార్టింగులో పనిచేస్తున్నాను, పెళ్ళాన్ని పిలిచి మొగుణ్ణి వదిలేసిన శుభలేఖ ఇదే చూడటం.

సూటిగా అడుగుతున్నాను. మార్చి 28న మీ అన్నయ్యను రమ్మంటావా, వద్దంటావా? వద్దంటే నేనూ రాను. ఆయన మీద ప్రేమ పొంగిపొర్లి కాదు. నేనొక్కదాన్నే వచ్చి నిలబడితే, "ఆయనేడీ?" అని అడిగే ప్రతివాళ్ళకీ జవాబు చెప్పుకునే ఓపిక నాకు లేదు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా రెండు గదుల ఇంట్లో గోడలకి చెవులుండనక్కర్లేదు, మీ అన్నయ్య చెవులు చాలు. అందుకే ఉత్తరం.

ఇంకో సంగతి. ఆయనకి పిచ్చి ముదిరింది. లిఫ్టుల మరమ్మతు నుంచి రాగానే గ్రీజు చేతులు కడుక్కుని, బట్టలుతికే మిషన్ పక్కనున్న కంప్యూటరు ముందు కూలబడతాడు. 'ఏడు కోటలు' అట. మీరిద్దరూ చదువుకునే రోజుల్లో నెట్ సెంటర్లో ఆడేవాళ్ళటగా. కంపెనీ ఏనాడో మూసేస్తే, పనీపాటా లేని వాళ్ళెవరో పాత డిస్కొకటి దొరికిందని మళ్ళీ లేపారట. ఆ డిస్కు కాపీ చేసిన రోజున ఎవరు ఎక్కడ ఉన్నారో ఇప్పుడూ అక్కడే అలాగే ఉన్నారట.

ఆడినా బాగుండేది. ఆడడు. ఈయన బొమ్మ పేరు ఉక్కుపిడుగు. ఈ పొట్టకి ఆ పేరు! పిడుగు చేతిలో కత్తి కూడా లేదు. నాలుగు దారులు కలిసే ఒక చౌకులో, ఎర్ర పట్టు కట్టుకున్న ఒక ఆడబొమ్మ పక్కన చతికిలబడి కూర్చుంటాడు. దాని పేరు వెండిపిట్ట. అది ఉలకదు, పలకదు. ఈయన దాన్నే చూస్తుంటాడు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా అంతసేపు చూడలేదు.

ఎవరే అది? ఏ ఊరిది? నీకు తెలిసే ఉంటుంది, దాచకు.

నీ వదిన


ఫిబ్రవరి 7

వదినా,

నీ ఉత్తరం చదివి మా కట్టుడుపళ్ళ వర్క్‌షాపులో పని బల్ల మీద పడి పడి నవ్వాను. ఆ నవ్వుకి ఒక ముసలాయన పళ్ళ మైనపు అచ్చు కింద పడి అణిగిపోయింది. మళ్ళీ మొదట్నించి చేశాను. ఆ పాపం నీదే.

నీ కాపురానికి వచ్చిన ముప్పేమీ లేదు. మీ ఆయనకి అంత సీన్ లేదు. వెండిపిట్ట నేనే. అంటే నా బొమ్మ. నేను ఆ ఆటలో వైద్యురాలిని. వైద్యురాలంటే గొప్పగా ఊహించుకోకు. ఉక్కుపిడుగు ముందు నడుస్తాడు, నేను వెనక. వాడు దెబ్బలు తింటాడు, నేను మంత్రం వేసి లేపుతాను, మళ్ళీ వెళ్ళి తింటాడు. మూడేళ్ళు ఒక మగవాడి వీపు చూస్తూ కూర్చున్నాను వదినా. అందులోనూ ఆ వీపు నాలుగు పలకల చెక్కపెట్టెలా ఉండేది, అప్పట్లో బొమ్మలు అలాగే గీసేవాళ్ళు. ఎలకల్ని చంపేవాళ్ళం. ఎలకలు అయిపోతే పెద్ద ఎలకలు. దీవికి వెళ్ళాలంటే పడవ కోసం రేవులో గంట సేపు నిలబడాలి. ఈలోగా నెట్ సెంటర్ ఓనరు తన మామగారికి ఫోన్ చేస్తే లైను తెగి, మళ్ళీ వచ్చేసరికి పడవ వెళ్ళిపోయేది. ఇదీ ఆ స్వర్గం.

ఇక పిలుపు మాట. పిలవను.

నా పెళ్ళి సంగతి నీకు గోరంతే తెలుసు. అప్పటికి నువ్వింకా మా ఇంటికి రాలేదు కదా. రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి. ఉన్నదే పదిమందిమి. నాకున్నది ఒక్క తోబుట్టువు. సంతకాలయ్యాయి, అతను లేడు. ఫోటో తీసేటప్పుడు నాన్న నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డాడు, "వచ్చేస్తాడమ్మా, వచ్చేస్తాడు" అంటూ. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. నా పక్కన గోడ కనిపిస్తుంది. గోడ మీద సున్నం పెచ్చు లేచి ఉంటుంది. ఇరవై మూడేళ్ళుగా ఆ పెచ్చు చూస్తున్నాను. కుర్చీలు మడతపెట్టేవేళకి వచ్చాడు. "ఎక్కడ చచ్చావురా?" అని నాన్న అడిగితే ఏమన్నాడో తెలుసా? "కోట ముట్టడి ఉంది నాన్నా." అంతే. చెల్లెలి పెళ్ళి కంటే వాడికి బొమ్మల కోట ఎక్కువైంది.

ఆ రోజు నుంచి నేను అతన్ని పలకరించలేదు, ఏ వరసా పెట్టి పిలవలేదు. రేపు మా అమ్మాయి పెళ్ళికి పిలిస్తే, ఆ రోజు ఇంకేదో కోట పడుతుంది.

అన్నట్టు, ఎర్ర పట్టు ఏంటి? వెండిపిట్టవి తెల్లబట్టలు. నేను లేనప్పుడు ఎవరో నా బొమ్మ బట్టలు మార్చారన్నమాట. ఇంకెవరు? అప్పట్లో మా ఇద్దరికీ పాస్‌వర్డ్ ఒకటే. బట్టలు మార్చినవాడు సంచి తడమకుండా ఉంటాడా? ఇక కత్తంటావా, దాన్ని ఎక్కడో పోగొట్టుకునే ఉంటాడు. వస్తువు నిలుపుకునే గుణం ఏనాడూ లేదు.

నువ్వు మాత్రం రావాలి. బతిమాలను.

నీ ఒక్కదాని,
మిరపగింజ


ఫిబ్రవరి 11

మిరపగింజా,

సవతి బాధ తప్పింది. ఈ వయసులో ఇంకొకత్తెతో పోటీపడాలంటే మోకాళ్ళు సహకరించవు.

నీ పెళ్ళి కథ మీ అన్నయ్య నాకు ఎప్పుడూ వేరేలా చెప్పలేదు. "ఆలస్యంగా వెళ్ళాను, దానికి కోపం" అంటాడు, అక్కడితో ఆపేస్తాడు. నువ్వు చెప్పింది నిజమైతే, నీ చోట నేనుంటే ఆ కుర్చీ ఒకటి మడతపెట్టి వీపున వేసేదాన్ని.

ఆయన నా ద్వారా నిన్ను ఒక ముక్క అడిగించాలని చూస్తున్నాడు. "నేనడిగానని చెప్పకు" అన్నాడు. చెప్పొద్దన్నాడు కాబట్టే చెబుతున్నాను. కొత్తగా లేపినవాళ్ళ దగ్గర పాత పాస్‌వర్డులు లేవట. వెండిపిట్టని కదపాలంటే అప్పట్లో దాని సొంతదారు పెట్టుకున్న రహస్య ప్రశ్నకి జవాబు చెప్పాలి. నువ్వు పెట్టిన ప్రశ్న ఇదట: "లోకంలో అందరికంటే మొద్దు ఎవరు?"

నువ్వూ నీ ప్రశ్నా! ఈయన రోజుకో పేరు కొడుతున్నాడు. మీ లెక్కల మాస్టారిని కొట్టాడు. నెట్ సెంటర్ ఓనరుని కొట్టాడు. మీ పక్కింటాయన్ని, మీ పెద్దనాన్నని, చివరికి మీ ఆయన్ని కూడా కొట్టాడు, ఏమీ అనుకోకు. మొన్న మా నాన్న పేరు కొడుతుంటే పట్టుకున్నాను. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

ఆ జవాబేదో రాసి పడేయ్. ఈ గోల వదులుతుంది.

నీ వదిన


ఫిబ్రవరి 15

వదినా,

ఇన్ని పేర్లు కొట్టాడు, కొట్టాల్సిన పేరొక్కటి కొట్టలేదు. నీకైనా తట్టిందా? తట్టినా చెప్పకు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి ఆ జవాబు ఈ జన్మలో తట్టదు. అందుకే ఆ ప్రశ్న పెట్టాను.

జవాబు రాయను. నా బొమ్మ అతనికెందుకు? ఎర్రబట్టలు కట్టి ఊరేగించడానికా?

నువ్వు పిచ్చి అన్నావు గానీ, అది ఇతనొక్కడికే కాదు. మా అమ్మాయి చూపించింది, ఆ ఆట తల్చుకుని ఏడ్చే వాళ్ళకి నెట్‌లో ఒక వేదికే ఉంది. అందరూ తల నెరిసిన మగవాళ్ళు. "ఆహా, ఆ రోజుల్లో పడవ కోసం ఎంతసేపు ఎదురుచూసేవాళ్ళం!" అని ఒకడు. "ఇప్పటి ఆటల్లో ఆ కష్టం ఏది?" అని ఇంకొకడు. కష్టం కావాలంటే మా వర్క్‌షాపుకి రమ్మను. సుద్దపొడి పీలుస్తూ పొద్దుట్నుంచీ సుద్ద దవడలు అరగదీయొచ్చు. వీళ్ళు తల్చుకునేది ఆటని కాదు వదినా. అప్పుడు వీళ్ళకి ఇరవై ఏళ్ళు, నడుము నొప్పి లేదు, కరెంటు బిల్లు నాన్న కట్టేవాడు. దాన్ని పట్టుకుని స్వర్గం అంటున్నారు. ఎలకని చంపి ఏడు రాగి కాసులు ఏరుకోవడం స్వర్గమైతే మా సందు చివరి పిల్లి ఎప్పుడో ఇంద్రపదవిలో ఉండాలి.

మా అమ్మాయి నిన్న, "అమ్మా, మామయ్య రాడా?" అంది. పుట్టి బుద్ధెరిగాక రెండుసార్లు చూసింది మనిషిని, నీ పక్కన నిలబడగా. "నీకెందుకే?" అన్నాను. "నాకు ఉన్నది ఒక్క మామయ్యేగా" అంది. లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కున్నాను.

నువ్వు రానంటే నా మీద ఒట్టు.

మిరపగింజ


ఫిబ్రవరి 20

మిరపగింజా,

తొందర పని, నాలుగు ముక్కలే. ఈ నెలాఖరుకి సొంతదారులు వచ్చి తీసుకోని బొమ్మలన్నిటినీ తీసేస్తారట, చోటు చాలదని. వెండిపిట్ట పోతుంది. మీ అన్నయ్యకి అన్నం దిగట్లేదు. "పోతే పోయింది, బొమ్మేగా!" అన్నాను. "బొమ్మ పోతే పర్లేదే. దాని సంచి పోతుంది. అందులో సామానుంది" అన్నాడు. ఏం సామాను అంటే కంచం ముందు నుంచి లేచిపోతాడు. తొమ్మిదో అంతస్తులో లిఫ్టు తలుపు బాగుచేయడానికి వెళ్ళి నాలుగో అంతస్తుది విప్పాడట నిన్న.

పంతం కాసేపు గట్టున పెట్టు. ఇంతకంటే నేనడగలేను.

నీ వదిన


ఫిబ్రవరి 26

వదినా,

సంచి! చూశావా? నేను చెప్పలేదూ! ఇరవై మూడేళ్ళ తర్వాత నా మీద బెంగ పుట్టిందేమో అని ఒక్క నిమిషం, ఒక్కటే నిమిషం అనుకున్నాను. కాదు. సంచిలో సామాను మీద బెంగ. కుక్క తోక ఎప్పటికీ వంకరే.

నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండింది. ఎవరో చోటు చాలక తీసేయడమేంటి, నా బొమ్మని నేనే చెరిపేస్తాను అనుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, మా వర్క్‌షాపులో పళ్ళ కొలతలు చూసే కంప్యూటరు మీద ఆ దిక్కుమాలిన ఆట తెరిచాను. ప్రశ్న వచ్చింది. లోకంలో అందరికంటే మొద్దు ఎవరు?

"అన్నయ్య" అని కొట్టాను.

ఇరవై మూడేళ్ళ తర్వాత ఆ మాట. నోటితో కాదు, వేళ్ళతో. తలుపు తెరుచుకుంది.

వెండిపిట్ట ఆ చౌకులో నిలబడి ఉంది. నువ్వన్నట్టే ఎర్ర పట్టు. పక్కన మీ ఆయన లేడు, ఆ వేళకి ఏ లిఫ్టులోనో వేలాడుతుంటాడు. చెరిపేసే బొత్తాం వెతుకుతూ, మధ్యలో సంచి తెరిచాను. ఏం కొట్టేయాలని ఇంత ఆరాటమో చూద్దామని.

వదినా, సంచి నిండా చెత్త. రొట్టెముక్కలు. ఎండిన చేప. విరిగిన డాలు. ఒంటి చెప్పు. ఒక గడ్డిపువ్వు. దీవికి వెళ్ళే పడవ టికెట్టు. దమ్మిడీ చేయని సామాను. కానీ ఆ ఆటలో ఎవరికైనా ఏదైనా ఇస్తే ఇచ్చినవాళ్ళ పేరు, తారీఖు, ఒక మాట దాని మీద ఉండిపోతాయి. పేర్లన్నీ మా పాత జట్టువే. గుంటనక్క, ఉప్పుమూట, మంచుతాత. ఏ దేశాల వాళ్ళో, ఒక్కళ్ళ మొహమూ నేను చూడలేదు. రొట్టె మీద మంచుతాత వచ్చీరాని ఇంగ్లీషులో రాశాడు: "మా దేశంలో ఇంకా తెల్లారలేదు. నీ పెళ్ళికని అలారం పెట్టుకుని లేచాను. చల్లగా ఉండు."

అన్నిటి మీదా తారీఖు ఒకటే. నా పెళ్ళిరోజు.

నా పెళ్ళిరోజు నేను ఆ ఆటలో లేను వదినా. సంతకాలు పెడుతున్నాను. ఆ ముందు వారం జట్టు వాళ్ళతో, "శనివారం పెళ్ళి, ఓసారి వచ్చి కనపడతా, అందరూ ఉండండి" అన్నాను. ఏదో అంటాం కదా, "మా ఇంటికి రండి" అని ఎవర్నైనా అన్నట్టు. తర్వాత ఆ మాటే మర్చిపోయాను. మరి ఆ రోజు ఇవన్నీ ఎవరు పుచ్చుకున్నారు?

చెరపలేదు. ఈలోగా మా సూపర్‌వైజర్ వచ్చి, "ఏమ్మా, ఈ చేపకి కూడా పళ్ళు కట్టాలా?" అన్నాడు.

మీ ఆయన్ని కూర్చోబెట్టి అడుగు. ముట్టడి కథ చెబితే నమ్మకు.

మిరపగింజ


మార్చి 3

మిరపగింజా,

మీ అన్నయ్యను కంప్యూటరు ముందు నుంచి లేపి, నీ ఉత్తరం చేతికిచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. చదివాడు. మళ్ళీ చదివాడు. చదివి, మొట్టమొదట ఏమన్నాడో తెలుసా? "జవాబు నేనా!" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"ఆ రోజు ఏం చేశావు?" అన్నాను.

"అరగంటలో అయిపోతుందనుకున్నానే" అన్నాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నేను కల్పించే రకం కాదు, నీకు తెలుసు. పెళ్ళి బట్టలు వేసుకుని రిజిస్టర్ ఆఫీసుకి బయల్దేరాడట. దారిలో నెట్ సెంటర్ కనపడింది. నువ్వు జట్టుకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. "వెండిపిట్ట రాలేకపోయింది, ఏమీ అనుకోకండి" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేద్దామని లోపలికెళ్ళాడు. చూస్తే చౌకు నిండా జనమట.

"అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని పెళ్ళికూతుర్ని చూడకుండా ఎలా పంపను?" అన్నాడు.

"ఎక్కడొచ్చారు? కుర్చీల్లోంచి లేవలేదుగా ఒక్కళ్ళూ" అన్నాను.

"పెళ్ళికూతురు రాలేదని వాళ్ళ మొహాలు ఎలా అయిపోయాయో నీకు తెలీదు."

మొహాలట! చెక్కపెట్టెలకి మొహాలు! సరే, ఏం చేశాడంటే, వెండిపిట్టని నడిపిస్తూ నువ్వై కూర్చున్నాడు. పెళ్ళికి తెల్లబట్టలు బాగుండవని తన కత్తి అమ్మేసి నీకు ఎర్ర పట్టు కొన్నాడు. ఆ కత్తి కోసం ఎన్నాళ్ళు ఎలకల్ని చంపాడో నాకంటే నీకే బాగా తెలుసు. అది విని నాకు ఒక లెక్క తట్టింది. కత్తి లేనివాడు ముట్టడికి ఎలా పోతాడే? ముట్టడీ లేదు, గిట్టడీ లేదు.

ఇంకా విను. పక్క సీటు కంప్యూటరు కూడా అద్దెకి తీసుకుని, అందులోంచి ఉక్కుపిడుగుని తెచ్చి నీ పక్కన కూర్చోబెట్టాడట. ఎందుకంటే, "అన్న లేకుండా చెల్లెలి పెళ్ళేంటి, బాగోదు కదా" అన్నాడు. నేను తల పట్టుకున్నాను. నాలుగు వీధుల అవతల అసలు చెల్లెలు, అసలు పెళ్ళి, పక్కన ఖాళీ చోటు వదిలి నిలబడ్డ మీ నాన్న. ఈ మహానుభావుడు ఇక్కడ అన్న లేని లోటు తీరుస్తున్నాడు!

ఒక్కొక్కరే వచ్చి, వంగి, చేతిలో ఉన్నదేదో ఇచ్చి వెళ్తున్నారట. లైను మధ్యలో తెగేది. మళ్ళీ మొదలు. వరస తరగదు.

"మధ్యలో లేచి రావచ్చుగా?" అని అరిచాను.

"ఎలా లేస్తానే? పెళ్ళికూతుర్ని కదా" అన్నాడు.

మిరపగింజా, నవ్వడానికి కూడా మనసొప్పలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆ మనిషి మొహంలో ఏ కల్మషమూ లేదు. ఇరవై మూడేళ్ళ తర్వాత కూడా, పెళ్ళికూతురు మధ్యలో లేవకూడదనే అంటున్నాడు.

"మరి నిజం చెప్పకుండా ముట్టడి అని ఎందుకన్నావు?"

"ముట్టడి అంటే తిట్టి ఊరుకుంటారు. 'నేనే పెళ్ళికూతురై కూర్చున్నాను' అంటే నాన్న నన్ను ఆస్పత్రిలో చేర్పించేవాడు. దానికి తర్వాత చెబుదామనుకున్నా. అది మాట్లాడితేగా? ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కథ ఇంకా పిచ్చిగా వినిపిస్తుంది. కనీసం సంచి దాని చేతికిస్తే అదే చూసుకుంటుందని..." అంటూ ఆపేశాడు.

ఇదీ జరిగింది. క్షమించమని నేను అడగను. ముట్టడి కంటే ఇది ఇంకా అన్యాయం అనిపిస్తే అదీ నిజమే. నాకు మాత్రం రెండు రోజులుగా ఆయన మీద కోపం, జాలి ఏది ముందో తెలియట్లేదు.

నీ వదిన


మార్చి 17

మిరపగింజా,

రెండు వారాలైంది, నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రోజూ గళ్ళ అరలో నీ కోడిగీతల కోసం చూస్తున్నాను. మా సార్టింగు హాల్లో పక్కమ్మాయి, "మేడమ్, ఎవరైనా ప్రేమలేఖ రాస్తున్నారా?" అంటోంది.

నిన్న ఆదివారం ఏం చేశావే నువ్వు? నేను వంటింట్లో ఉన్నాను. ఈయన ఎప్పట్లాగే ఆ చౌకులో కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు. కరెంటు షాక్ కొట్టిందేమోనని పరిగెత్తాను. కంప్యూటరు ముందు నిటారుగా నిలబడి ఉన్నాడు, హెడ్‌మాస్టరు గదిలో పిల్లాడిలా. "ఏమైంది?" అని నేను అడుగుతుండగానే వెళ్ళి మొహం కడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. బనీను మీద చొక్కా వేసుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. అప్పుడొచ్చి కూర్చుని, ఒక్క వేలితో ఏదో కొట్టాడు.

ఏమని కొట్టాడో చెప్పడు. మధ్యాహ్నం భోజనం చేస్తూ నాలుగుసార్లు ఊరికే నవ్వాడు. నాకు భయంగా ఉంది. నువ్వైనా చెప్పు.

నీ వదిన


మార్చి 19

వదినా,

రాయలేదంటే రాయాలనిపించలేదు. ఇరవై మూడేళ్ళలో పోని కోపం రెండు వారాల్లో పోతుందా? పైగా పోలేదు. నీ ఉత్తరం చదివి ఆ రాత్రంతా అతన్ని తిట్టుకున్నాను. ముట్టడికి వెళ్ళినవాడిని తిట్టడం తేలిక, అలవాటైపోయింది. ఇప్పుడు కొత్తగా, నా పెళ్ళికి నాకంటే ముందు పెళ్ళికూతురైనవాణ్ణి తిట్టాలి. దానికి మాటలు ఎక్కడ దొరుకుతాయి?

పొద్దున్నే హాల్లో ఆ ఫోటో ముందు నిలబడ్డాను. సున్నం పెచ్చు అక్కడే ఉంది. ఈ ఫోటో తీసే సమయానికి అక్కడ మంచుతాత రొట్టె ఇస్తూ ఉండి ఉంటాడు కదా అనుకున్నాను. గట్టిగా ఏడుపొచ్చింది. మా అమ్మాయి చూసి, తను అత్తారింటికి వెళ్తున్నందుకనుకుని వాటేసుకుంది. అనుకోనీలే అని ఊరుకున్నాను.

ఆదివారం అమ్మాయి కంప్యూటరు తీసుకుని చౌకులోకి వెళ్ళాను. అతను ఉన్నాడు. చేతిలో కత్తి లేకుండా, నా పక్కనే, అదే చెక్కపెట్టె వీపు. వెండిపిట్టని రెండడుగులు నడిపించాను. అంతసేపూ కదలని బొమ్మ కదిలేసరికి ఉలిక్కిపడ్డట్టున్నాడు.

"ఎవరు?" అని కొట్టాడు.

"పెళ్ళికూతుర్ని" అని కొట్టాను.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. లైను తెగిందనుకున్నాను. మొహం కడుక్కోవడానికి వెళ్ళాడని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది. చొక్కా కూడా వేసుకున్నాడా? నేను చూస్తాననుకున్నాడేమో, మొద్దు!

చివరికి ఒకటే ముక్క వచ్చింది. "ఆలస్యమైందా?"

తిడదామనే వెళ్ళాను వదినా, ఒట్టు. తిట్లు వరసగా సిద్ధం చేసుకున్నాను. "మార్చి 28, తొమ్మిదింటికి. దారిలో నెట్ సెంటర్లేమీ లేవు" అని మాత్రం కొట్టి బయటికొచ్చేశాను. ఆ ఆట మాత్రం ఇప్పటికీ దరిద్రంగానే ఉంది. గడ్డి చూస్తే పచ్చరంగు గోనెపట్టా పరిచినట్టుంది. ఆ సంచిలో చెత్త ఒక్కటీ పారేయలేదు. బరువుకి వెండిపిట్ట సరిగ్గా నడవలేకపోతోంది, అయినా సరే.

దీంతోపాటు శుభలేఖ మళ్ళీ పంపుతున్నాను. ఈసారి కవరు మీద మన ఇంటిపేరే రాశాను. సార్టింగులో నీ చేతికే తగులుతుంది. నువ్వు తెరవకు, మా అన్నయ్యకివ్వు. తెరిచేటప్పుడు చింపేస్తాడు, పక్కనుండి చూసుకో.

మా అన్నయ్యకి ఇంకో మాట కూడా చెప్పు. వీళ్ళదీ రిజిస్టర్ పెళ్ళే, ఫోటో సంతకాల కంటే ముందే తీయిస్తున్నాను. ఈసారి ఎవరూ చోటు వదిలిపెట్టి నిలబడరు. ముందే వచ్చి నా పక్కన నిలబడమను.

మీ ఇద్దరి,
మిరపగింజ